మొదటి రూపాయి ఎవరిస్తారు?

(ఏప్రిల్ 14 సాయంత్రం ఒక వాడలో అంబేద్కర్ విగ్రహం దగ్గర జరిగిన సభలో ఒక ప్రభుత్వ బడి ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినదాన్ని తర్వాత ఆయనే రాసి పంపారు. చదవండి, చదవరానివాళ్లకు చదివి వినిపించండి, మీ వాడలో చర్చ పెట్టండి. – సంపాదకవర్గం)



పొద్దున దండ వేశాం. ర్యాలీ తీశాం. ఇప్పుడు ఉపన్యాసాలు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు బాబాసాహెబ్ ఎంత చదివాడో, ఎన్ని డిగ్రీలు తెచ్చాడో చెప్పారు. విన్నాం, చప్పట్లు కొట్టాం. మంచిదే. నేను ఆ డిగ్రీల గురించి మాట్లాడను. ఆ డిగ్రీలకు పైసలు ఎవరు కట్టారో మాట్లాడతాను.

ఎందుకంటే ఈ వాడలో ఈ ఏడు పదో తరగతి రాసినవాళ్లు పదకొండు మంది. ఇంటర్ రెండో సంవత్సరం రాసినవాళ్లు ఆరుగురు. పదిహేడు మంది పేర్లు నా దగ్గర రాసి ఉన్నాయి. ఫలితాలు వచ్చిన రోజు నుంచి కాలేజీ గేటు దాటే రోజు దాకా కొన్ని వారాలు ఉంటాయి. ఇరవై ఏండ్ల నా నౌకరీలో నేను చూసింది ఒకటే. మన పిల్లలు పరీక్షలో ఓడిపోవడం కంటే ఈ కొన్ని వారాల్లో ఓడిపోవడం ఎక్కువ. మార్కులు తెచ్చుకొని ఆగిపోయినవాళ్లు వాడకొకరు ఉన్నారు. మన వాడలోనూ ఉన్నారు.

రెండు వందల అరవై రూపాయలు

నేను 1996లో పదో తరగతి రాశాను. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదివాను. మా నాయిన చెప్పులు కుట్టేవాడు, చావుకూ పెండ్లికీ డప్పు కొట్టేవాడు. మా అవ్వ కలుపుకూ కోతకూ పోయేది. మా ఇంట్లో నాకంటే ముందు వేలిముద్రే గానీ సంతకం లేదు.

నా బెంచీ మీదే ఇదే వాడ పిల్లవాడు ఇంకొకడు కూర్చునేవాడు. లెక్కల్లో వాడికి సాటి లేదు. సారు బోర్డు మీద లెక్క సగం వేసేసరికే వాడు జవాబు చెప్పేవాడు. నేను వాడి దగ్గర నేర్చుకునే గట్టెక్కాను. వాడు ఇప్పుడు ఈ సభలోనే ఉన్నాడు. వెనక వేపచెట్టు కింద కూర్చున్నాడు. పేరు చెప్పను. వాణ్ని అడిగి, ఒప్పించుకొనే ఈ మాట చెబుతున్నాను.

అప్పుడు ఫలితాలు పేపర్లో నంబర్లుగా వచ్చేవి. ఇద్దరం ఫస్టు క్లాసు. మార్కుల మెమోలు వచ్చాక చూస్తే నాకంటే వాడికి అరవై మార్కులు ఎక్కువ. కలిసి పట్నం పోయి ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఫారాలు తెచ్చుకున్నాం. బస్టాండులో మోకాళ్ల మీద పెట్టుకొని నింపాం. వాడి అక్షరాలు ముత్యాల లెక్క ఉండేవి. అడ్మిషనుకు కట్టాల్సింది 260 రూపాయలు. స్కాలర్‌షిప్ వస్తుందని అందరూ చెప్పారు. నిజమే, వస్తుంది. కానీ సంక్రాంతి దాటినాక వస్తుంది. ఫీజు జూన్‌లోనే కట్టాలి.

మా అవ్వ తన కాళ్ల కడియాలు కుదువబెట్టి 300 తెచ్చింది. వాడి నాయిన పటేలు దగ్గర జీతం ఉండేవాడు. ఆ ఏడాది జీతం అప్పటికే ముందు తెచ్చుకొని తిన్నారు. వాళ్లమ్మ నాలుగిండ్లు తిరిగి వచ్చి, "ఈ ఏడు ఆగు బిడ్డా, వచ్చే ఏడు చూద్దాం" అన్నది. ఆ వచ్చే ఏడు ఇంతవరకు రాలేదు. వాడు మేస్త్రీల వెంట మాలు అందించడానికి హైదరాబాద్ పోయాడు.

నేను 260 కట్టాను. నా దగ్గర 40 మిగిలాయి. వాటితో చెప్పులు కొనుక్కున్నాను. చెప్పులు కుట్టేవాని కొడుకును, షాపు చెప్పులు తొడుక్కోవాలని ఆశ. ఆ 40 రూపాయలతో వాడికి సీటు రాకపోయేది, నాకు తెలుసు. కానీ అప్పటికే ఈ వాడలో ఎనభై ఇండ్లు. ఇరవై ఆరు ఇండ్లు తలా పది రూపాయలు వేస్తే 260. ఇరవై ఆరు ఇండ్లు! అడుగుదామన్న ఆలోచన నాకు రాలేదు. ఎవరికీ రాలేదు. ఎవరి బిడ్డ చదువు వాళ్ల ఇంటి బాధ అనుకున్నాం. నా చదువు ఆ లెక్కల తలను దాటుకొని వచ్చింది. అది నేను మరిచిపోలేదు.

వాడు ఇప్పుడు పెద్ద మేస్త్రీ. బాబాసాహెబ్ నిలబడ్డ ఈ గద్దె వాడే కట్టాడు. ఇటుక ఎంత, సిమెంటు ఎంత, ఇసుక ఎంత, అన్నీ నోటితో లెక్క చెప్పాడు. ఒక్క బస్తా మిగల్లేదు, ఒక్కటి తక్కువ పడలేదు. కూలి తీసుకోలేదు. మనవాళ్లకు మెరిట్ లేదని ఇప్పటికీ అనేవాళ్లను తీసుకొచ్చి ఈ గద్దె చూపించాలి. తెలివి ఎవరి తాత ఆస్తీ కాదు. ఆ తెలివిని కాలేజీ దాకా నడిపించే పైస మాత్రం కొందరి తాతల ఆస్తి.

బాబాసాహెబ్ చదువూ ఆగింది

అంబేద్కర్ 1907లో మెట్రిక్ పాసయ్యాడు. అంటరాని కులంలో పుట్టిన పిల్లవాడు మెట్రిక్ కావడమే అప్పుడు వింత. సన్మానం చేశారు. ఆ సన్మానంతోనే కథ ముగిసేది. తండ్రి దగ్గర పైసలు లేవు. కెలూస్కర్ అనే గురువు ఆ పిల్లవాణ్ని పట్టించుకున్నాడు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరికి సంగతి చేర్చాడు. నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ దొరికింది. 1912లో బీఏ అయ్యాడు. మళ్లీ బరోడా స్కాలర్‌షిప్ మీదనే 1913లో అమెరికా పోయి కొలంబియా యూనివర్సిటీలో చేరాడు.

తర్వాతి సంగతి మన ఉపన్యాసాల్లో తక్కువ వినిపిస్తుంది. అమెరికా నుంచి లండన్ పోయి చదువు మొదలుపెట్టాడు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు మధ్యలో ఆపి వెనక్కి రావలసి వచ్చింది. అంత చదివిన మనిషికి బరోడాలో ఉండడానికి ఇల్లు దొరకలేదు. బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో పాఠాలు చెప్పి పైస పైస కూడబెట్టాడు. కొల్హాపూర్ సాహూ మహారాజ్ సాయం చేశాడు. పార్శీ మిత్రుడు నావల్ భతేనా అప్పు ఇచ్చాడు. అప్పుడు 1920లో మళ్లీ లండన్ పోయాడు.

అంటే ఏమిటి? ప్రపంచం మెచ్చిన మేధావి చదువు కూడా పైసలు లేక మూడేండ్లు ఆగింది. కెలూస్కర్ మాట చెప్పకపోతే, భతేనా అప్పు ఇవ్వకపోతే ఈ రోజు మనం ఎవరికి దండ వేసేవాళ్లం? తెలివైన పిల్లవాడు తన తెలివితోనే పైకొస్తాడు అనేది కడుపు నిండినవాళ్ల మాట. బాబాసాహెబ్‌కు ఆ గుంట లోతు తెలుసు. అందుకే వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడైనాక ప్రభుత్వంతో కొట్లాడి షెడ్యూల్డు కులాల పిల్లల పైచదువులకు డబ్బు సాధించాడు. ఈ రోజు మనం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటున్నది 1944లో అట్లా మొదలైందే. నేను తీసుకున్నది అదే. మీ పిల్లలు తీసుకునేదీ అదే. అది ఎవడి భిక్షా కాదు.

స్కీములున్నాయి కదా సారూ?

ఉన్నాయి. 2020 డిసెంబరులో కేంద్ర క్యాబినెట్ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు అయిదేండ్ల లెక్క ప్రకటించింది. మొత్తం 59 వేల కోట్లు. అందులో నూటికి 60 కేంద్రానివి, 40 రాష్ట్రానివి. అంతకు ముందు కేంద్రం తన భారంలో చాలా భాగం రాష్ట్రాల మీదికి తోసేస్తే చాలా రాష్ట్రాల్లో స్కాలర్‌షిప్‌లు నిలిచిపోయాయి. గొడవలయినాకనే ఈ మార్పు వచ్చింది. మన రాష్ట్రంలో 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. దాని మీద చదివి ఇంజనీర్లయినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నేను కాదనను.

కానీ స్కీము ఉండడం వేరు, పైస సమయానికి చేతికి రావడం వేరు. స్కాలర్‌షిప్ వెనక వస్తుంది. ఫీజు ముందు అడుగుతారు. ఈ రెండింటి నడుమ ఒక గుంట ఉంది. మన పిల్లలు పడేది ఆ గుంటలో. రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోతే కాలేజీవాళ్లు ప్రభుత్వాన్ని పట్టుకోరు, పిల్లల్ని పట్టుకుంటారు. "ఫీజు కడితేనే సర్టిఫికెట్లు" అంటారు.

2024లో ఏమైందో చూడండి. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దినసరి కూలీ కొడుకు, దళిత పిల్లవాడు. ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. దేశంలో లక్షలమంది పోటీ పడే పరీక్ష అది. సీటు ఖాయం చేసుకోవడానికి 17,500 రూపాయలు కట్టాలి. గడువు జూన్ 24 సాయంత్రం 5 గంటలు. ఇంట్లో లేవు. తిరిగి తిరిగి పోగు చేసేసరికి చివరి నిమిషాలు. కంప్యూటర్‌లో కట్టేలోపు గడువు దాటింది. సీటు పోయింది. ఆ కుటుంబం కోర్టుల చుట్టూ మూడు నెలలు తిరిగింది. సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు తన ప్రత్యేక అధికారం వాడి ఆ పిల్లవాణ్ని చేర్చుకోమని ఆదేశించింది. 2021లో బొంబాయి ఐఐటీ సీటు వచ్చిన ఇంకొక దళిత పిల్లవాడు కార్డు పనిచేయక ఫీజు కట్టలేకపోతే, అతనికీ సుప్రీంకోర్టే సీటు ఇప్పించాల్సి వచ్చింది.

ఇద్దరూ గెలిచారు, సంతోషం. కానీ సుప్రీంకోర్టు దాకా పోలేని పిల్లలు ఎంతమంది? 17,500 కోసం ఢిల్లీ దాకా పోవలసిన దేశంలో 260 కోసం ఎవరు పోతారు? నాటి ద్రోణుడు బొటనవేలు అడిగాడు. నేటి ద్రోణుడు ఆఖరు తారీఖు అడుగుతున్నాడు. వేలు అడిగితే కనీసం నెత్తురు కనబడేది.

ఇరవై రూపాయల లెక్క

ఇప్పుడు మన లెక్క. ఈ వాడలో ఇప్పుడు నూట పది ఇండ్లు. అందరూ ఇవ్వలేరు. ముసలివాళ్లున్నారు, రోగమున్నవాళ్లున్నారు. ఎనభై ఇండ్లు అనుకుందాం. ఇంటికి నెలకు ఇరవై రూపాయలు. నెలకు 1,600. ఏడాదికి 19,200. ఆ ముజఫర్‌నగర్ పిల్లవాడికి కావలసింది 17,500. అర్థమైందా? ఒక్క ఐఐటీ సీటును నిలబెట్టే డబ్బు ఈ వాడలో నెలకు ఇరవై రూపాయల్లో ఉంది.

కోపం రాకుండా వినండి. ఈ రోజు మనం కట్టిన ఫ్లెక్సీలు ఎన్ని? డీజేకు ఎంత ఇచ్చాం? ఫ్లెక్సీ మీద మన ఫొటో చూసుకుంటే ముచ్చటగానే ఉంటుంది. నా ఫొటో కూడా వేశారు, చూశాను. నాలుగు రోజుల్లో గాలికి చినిగి మేకలకు నీడ అవుతుంది. జయంతి చేయవద్దని నేను అనడం లేదు. జయంతి ఖర్చులో సగం పిల్లల నిధిలో వేయమని అడుగుతున్నాను.

నిధి ఎట్లా నడవాలి? పేరు పెద్దలది కావచ్చు. పైసలు మాత్రం తల్లుల చేతిలో ఉండాలి. సంఘాల్లో పొదుపు చేసి, బుక్కు రాసి, కిస్తీ కట్టి ఆరితేరినవాళ్లు వాళ్లే. బ్యాంకులో ముగ్గురి పేర ఖాతా తెరవాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం లెక్క అందరి ముందు చదవాలి. ఇచ్చేది దానం కాదు, చేబదులు. వడ్డీ లేదు. స్కాలర్‌షిప్ వచ్చినాక, లేదా నౌకరీ వచ్చినాక తిరిగి కట్టాలి. తిరిగొచ్చిన రూపాయి ఇంకో బిడ్డకు పోతుంది.

ఎవరికి ఇవ్వాలి? ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకే అంటే నేను ఒప్పుకోను. పత్తి ఏరుకుంటూ, తమ్ముణ్ని ఎత్తుకుంటూ చదివిన పిల్లకూ, మూడు ట్యూషన్లు చెప్పించుకున్న పిల్లకూ మార్కుల కొలత ఒకటేనా? కాలేజీ గేటు దాకా వచ్చిన ప్రతి బిడ్డా మన బిడ్డే. ఎవరి గడువు ముందుంటే వాళ్లకు ముందు. మాల ఇల్లా మాదిగ ఇల్లా అని చూస్తే నిధి పుట్టిన రోజే చచ్చిపోతుంది.

"ప్రభుత్వం చేయాల్సిన పని మనమెందుకు చేయాలె?" అని యువజన సంఘం తమ్ముడు మొన్న అడిగాడు. మంచి ప్రశ్న. మనం ప్రభుత్వాన్ని వదిలిపెట్టడం లేదు. బకాయిల కోసం ధర్నా చేద్దాం, కలెక్టరేట్ ముందు కూర్చుందాం. కానీ సమ్మె చేసే కూలీ ఇంట్లో నాలుగు గింజలుంటేనే సమ్మె నిలబడుతుంది. ఈ నిధి ఆ గింజలు. ధర్నా గెలిచేదాకా పిల్ల చదువు ఆగకుండా ఉండాలి.

ఏ తరగతిలో ఏం చేయాలి

పైసలొక్కటే కాదు, దారి తెలియాలి. అగ్రకులాల ఇండ్లలో దారి చెప్పడానికి బాబాయి ఉంటాడు, మామ ఉంటాడు. మన పిల్లలకు మనమే బాబాయిలం, మనమే మామలం. రాసుకోండి.

ఎనిమిదో తరగతి. ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ అనే పరీక్ష ఉంది. పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. నాలుగేండ్లకు 48,000. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. గురుకులాల్లో ఉండి చదివేవాళ్లకు ఇది రాదు. ఊరి బడి పిల్లలది ఇది. లెక్కలు, సైన్సు, సోషల్‌తో పాటు బుద్ధికి పదునుపెట్టే ప్రశ్నలుంటాయి. మూడు నెలలు రోజూ సాయంత్రం కమ్యూనిటీ హాలులో కూర్చోబెడితే మన పిల్లలు రాస్తారు. నేను చెబుతాను, పైసా వద్దు. ఒక్క హెచ్చరిక: ప్రతి ఏడూ కంప్యూటర్‌లో రెన్యూవల్ చేయించాలి. ఒకసారి వచ్చింది కదా అని ఊరుకుంటే మరుసటేడు ఆగిపోతుంది.

పదో తరగతి. కాగితాలు ఫలితాల తర్వాత కాదు, ముందే సిద్ధం కావాలి. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు, బ్యాంకు బుక్కులో పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఒక చోట ఇంటిపేరు ముందు, ఇంకో చోట వెనక, ఒక చోట పుట్టిన తేదీ తప్పు. స్కాలర్‌షిప్ అక్కడే ఆగుతుంది. కుల పత్రం, ఆదాయ పత్రం మీసేవలో పెట్టి తహసీల్దార్ దగ్గర తీసుకోవాలి. పాత ఆదాయ పత్రం పెడితే తిప్పి పంపుతారు. తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. కుల పత్రంలో మీ ఉపకులం, గ్రూపు సరిగా ఉన్నాయా చూసుకోండి. కేంద్ర సంస్థలకు కేంద్రం నమూనాలో కుల పత్రం అడుగుతారు. అది కూడా ఒకటి తీసి పెట్టుకోండి.

పది తర్వాత దారులు. ఊర్లోకి బైకు మీద వచ్చి "మీ పిల్ల ర్యాంకు కొడుతుంది, సగం ఫీజే" అనే ప్రైవేటు కాలేజీ మనిషి మాట ఒక్కటే వినకండి. మంచి ర్యాంకు వస్తే ఫొటో వాళ్ల హోర్డింగు మీద, అప్పు మన నెత్తి మీద. సాంఘిక సంక్షేమ గురుకుల జూనియర్ కాలేజీలున్నాయి. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి 1980ల్లో పట్టుబట్టి నిలబెట్టిన గురుకులాల నుంచే ఇవ్వాళ డాక్టర్లు, ఇంజనీర్లు వస్తున్నారు. గురుకులం పిల్లలు పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్టు ఎక్కారు. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీదే ఆరేండ్ల చదువుకు సీటిస్తారు. ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు స్కోరు కలుపుతారు. పాలిటెక్నిక్ కోసం పాలిసెట్ ఉంది.

ఇంటర్. అందరినీ ఇంజనీరింగు మందలో తోలకండి. డిగ్రీకి దోస్త్ ఉంది. 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్లకు సీయూఈటీ అనే ఒకే పరీక్ష పెట్టారు. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా అయిదేండ్ల ఎంఏ, ఎమ్మెస్సీ చదువులున్నాయి. దరఖాస్తు గడువు ఇంటర్ ఫలితాల కంటే ముందే అయిపోవచ్చు. ఫలితాలు చూసి పోదాం అనుకుంటే అప్పటికే తలుపు మూసి ఉంటుంది. ఐఐటీల్లో ఎస్సీ ఎస్టీ పిల్లలకు 2016 నుంచి ట్యూషన్ ఫీజు లేదు. హాస్టలు, మెస్సు, మొదటి రోజు కట్టేవి ఉంటాయి. గుర్తించిన పెద్ద సంస్థల్లో చేరిన ఎస్సీ పిల్లలకు టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ అని వేరే ఉంది. దానికి ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు. పోస్ట్ మెట్రిక్‌కు 2021 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో రెండున్నర లక్షలు.

కాలేజీలో చేరేటప్పుడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇవ్వాలి, తమ దగ్గర పెట్టుకోకూడదు అని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా పెట్టుకుంటారు. పిల్లను ఒక్కదాన్నే పంపితే భయపడి ఇచ్చి వస్తుంది. ఇద్దరం వెంట పోదాం. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకుందాం.

గేటు దాటితే అయిపోలేదు. 2016 జనవరి 17ను మరిచిపోవద్దు. రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి. తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ తన ఇంటివాళ్లకు అందేటట్టు చూడమని చివరి ఉత్తరంలో రాసి పోయాడు. అంత దూరం పోయిన బిడ్డకు కూడా నెల నెలా పైస ఆగితే ఏమవుతుందో ఆ ఉత్తరం చెబుతుంది. అందుకని కాలేజీలో చేరిన ప్రతి బిడ్డకు వాడలో ఒక పెద్ద దిక్కు ఉండాలి. వారానికి ఒకసారి ఫోన్ చేయాలి. "మార్కులెన్ని?" అని కాదు, "తిన్నవా బిడ్డా? స్కాలర్‌షిప్ వచ్చిందా? ఎవరన్నా ఏమన్నా అంటున్నరా?" అని అడగాలి. తిరిగి వచ్చేయాలనిపిస్తే తిట్టకుండా వినాలి. మార్కుల కన్నా, సీటు కన్నా మన బిడ్డ బతకడం ముఖ్యం.

వేపచెట్టు కింద కూర్చున్న మనిషి

చివరి మాట. వెనక కూర్చున్న నా జతగాడికి ఒక బిడ్డ ఉంది. ఈ ఏడు మా బడిలోనే పదో తరగతి రాసింది. తండ్రి తల దానికి వచ్చింది. నేను బోర్డు మీద లెక్క సగం వేసేసరికి జవాబు చెబుతుంది. అది చెప్పిన ప్రతిసారీ నా చేతిలో చాక్‌పీసు ఆగుతుంది.

మొన్న వాళ్లింటికి పోయాను. ఏం చేద్దామనుకుంటున్నారని అడిగాను. తల్లి అన్నది: "ఆడపిల్ల సారూ. దూరం పంపుడెట్ల? పైసలేడియి? మా అక్క కొడుకు ఉన్నడు, అడుగుతున్నరు." జతగాడు ఏమీ అనలేదు. నేల మీద పుల్లతో గీతలు గీస్తూ కూర్చున్నాడు. వచ్చేటప్పుడు వాకిలి దాకా వచ్చి, "ఎంతైతదిరా మొదలు?" అని ఒక్క మాట అడిగాడు. అప్పటి మాటే. ముప్పై ఏండ్ల కింద బస్టాండులో ఇదే మాట అడిగాడు. అప్పుడు నేను, "రెండు వందల అరవై" అని చెప్పి ఊరుకున్నాను.

ఈసారి ఊరుకోను. ఆ పిల్లను పంపే దూరానికి తోడు మనం పోదాం. పట్నంలో నౌకరీ చేస్తున్న మన వాడ ఆడపిల్లలు ముగ్గురున్నారు, మొదటి నెల వాళ్ల దగ్గర ఉంచుదాం. పెండ్లి మాట పిల్ల చదువు అయినాక. తల్లికి నేను చెప్పడం కాదు, ఇక్కడున్న తల్లులు చెప్పాలి.

ఇదిగో, వంద పేజీల నోటుబుక్కు తెచ్చాను. మొదటి పేజీలో పదిహేడు పేర్లు రాశాను. ఎవరికి ఏ కాగితం లేదో పక్కన రాశాను. పదకొండు మందిలో నలుగురికి ఆదాయ పత్రం లేదు. ముగ్గురికి ఆధార్‌లో పేరు తప్పు. ఎల్లుండి నుంచి వరసగా మీసేవకు పోదాం. రెండో పేజీ నిధి లెక్క. నా పేరు, పక్కన నలభై రూపాయలు. ఆ నలభై ఎందుకో మీకు తెలుసు. అది పాత బాకీ. నెలనెలా ఇచ్చే నా చందా వేరే రాశాను.

ఉపన్యాసం అయిపోయినాక చప్పట్లు వద్దు. ఒక్కొక్కరు వచ్చి ఈ బుక్కులో మీ ఇంటి పేరు రాయండి. రాయరానివాళ్లు వేలిముద్ర వేయండి. మా అవ్వ కూడా వేలిముద్రే వేసింది, కడియాలు కుదువబెట్టిన కాగితం మీద. ఆ వేలిముద్ర మీదనే నేను చదువుకున్నాను.

జైభీమ్.